వాడుక మనిషి

తెలుగులో 'వాడుక' అనే మాట చిన్నదే గాని దాని కడుపులో చాలా సంగతులున్నాయి. పాలమనిషి రోజూ పోసేవి వాడుక పాలు. పచారీ కొట్టు యజమాని అరువిచ్చేది వాడుక ఇంటికి. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా వాదించినది వాడుక భాష కోసం. ఉపయోగం, అలవాటు, నమ్మకం - ఈ మూడూ ఆ ఒక్క మాటలో విడదీయరాకుండా కలిసి ఉన్నాయి. రోజూ ఒకే వేళకు, ఒకే కాఫీ హోటలుకు, వీలైతే ఒకే బల్ల దగ్గరకు పోయి కూర్చునే మనిషిని కూడా ఆ హోటలువారు వాడుక మనిషి అనే అంటారు. ఆ మనిషికీ ఆ చోటుకూ మధ్యనున్న సంబంధం ఏమిటి? అది కొనుగోలు, అమ్మకమేనా? స్నేహమా? లేక మనిషిని తెలియకుండానే కట్టిపడవేసే అలవాటా? ఈ చిన్న ప్రశ్న వెనుక పెద్ద ప్రశ్న ఒకటున్నది. ఒకరు కూర్చుని తాగుతూ, మరొకరు నిలబడి అందిస్తూ ఉండే చోట సమానత్వం సాధ్యమా?

కాఫీ తాగడం గురించి ఇంత చర్చ దేనికని కొందరు మిత్రులు అనవచ్చు. సభలు సంవత్సరానికి రెండు జరుగుతాయి. కాఫీ హోటలుకు మనం రోజుకు రెండుసార్లు పోతాం. సమానత్వాన్ని గురించి మన అభిప్రాయాలు సభలో వినబడతాయి. అవి మన ఒంటికి ఎంతవరకు పట్టినవీ రోజూ కూర్చునే బల్ల దగ్గర తెలుస్తుంది. నీతి అనేది పండుగనాడు తీసి కట్టుకునే బట్ట కాదు గనుక, దానిని పరీక్షించడానికి మామూలు రోజే మంచి రోజు.

ఈ సంగతి రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. బెజవాడ గవర్నరుపేటలో ఒక సందు మొగన ఉన్న కాఫీ హోటలుకు నేను ఇరవై ఏళ్లకు పైగా వాడుక మనిషిని. కాలేజీలో సాయంకాలపు గంట కొట్టిన తరువాత అక్కడ ఒక గంట గడపకుండా ఇంటికి పోయిన రోజులు తక్కువ. మా బల్ల దగ్గర చేరేవారిలో రైల్వే గుమాస్తా ఒకరు, పత్రికలో ప్రూఫులు దిద్దే ఆయన ఒకరు, వన్ టౌనులో బట్టల కొట్టు లెక్కలు రాసే ఆయన ఒకరు, బీమా ఉద్యోగి ఒకరు, ఉద్యోగం లేని పట్టభద్రులు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు. 'వన్ బై టూ' అని ఒక కాఫీని ఇద్దరు పంచుకునే ఆచారాన్ని మా ఊళ్లో ఎవరూ చిన్నతనంగా భావించరు. జేబులో డబ్బు లేనివాడికి కూడా బల్ల దగ్గర చోటు కల్పించడానికి సామాన్యులు కనిపెట్టుకున్న ఉపాయం అది. గోడ మీద మాత్రం 'నేడు నగదు - రేపు అరువు' అని రాసి ఉంటుంది. ఆ రాతకూ ఈ ఆచారానికీ మధ్యనే మా హోటలు జీవితమంతా నడుస్తున్నది.

బెజవాడకు కాఫీ హోటలు ఇంతగా ఎందుకు కుదిరిందో ఆలోచిస్తే, అందుకు ఆర్థిక కారణాలు కనిపిస్తాయి. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారిన చోట వరి పండింది, వరి అమ్మిన చోట డబ్బు ఆడింది. రైళ్లు వచ్చి కలిసి ఈ ఊరు కూడలి అయింది. బందరు, గుడివాడ, తెనాలి, ఏలూరు, నూజివీడు మనుషులు పనుల మీద ఇక్కడికి రావలసిందే. కోర్టులో పిలుపు కోసం, మార్కెట్లో ధర కోసం, సినిమా కంపెనీ ఆఫీసులో జవాబు కోసం, స్టేషనులో బండి కోసం వారు ఎదురుచూడాలి. ఎదురుచూసే మనిషికి కూర్చోవడానికొక చోటు కావాలి. దీనికి తోడు అద్దెగదుల్లో ఉండే విద్యార్థులు, ఒక గది వాటాల్లో కాపురముండే గుమాస్తాలు. వీరికి చావిడి లేదు, అరుగు లేదు. పల్లెలో రచ్చబండ చేసే పనిని పట్నంలో కాఫీ హోటలు చేయవలసి వచ్చింది. అయితే రచ్చబండ మీద కూర్చోవడానికి డబ్బు అక్కరలేదు, కులం కావాలి. కాఫీ హోటలులో కూర్చోవడానికి డబ్బు కావాలి. ఈ తేడాను గుర్తుంచుకుందాం. మళ్లీ దీని దగ్గరకు రావలసి ఉన్నది.

వాడుక మనిషికి హోటలు ఇచ్చేదేమిటి? కాఫీ ఇంట్లోనూ దొరుకుతుంది, చాలాసార్లు అక్కడే బాగుంటుంది కూడా. హోటలు ఇచ్చేది గుర్తింపు. ఇంట్లో నేను తండ్రిని, కాలేజీలో మాస్టారిని, బ్యాంకులో ఒక అంకెను. ప్రతిచోటా నా నుంచి ఎవరికో ఏదో కావాలి. హోటలు గుమ్మంలో అడుగుపెట్టగానే అడగకుండానే పంచదార తక్కువ వేసిన కాఫీ ఒకటి నా ముందుకు వస్తుంది. నన్ను ఎరిగినవారు, నా నుంచి ఏమీ కోరనివారు అక్కడున్నారు అనిపిస్తుంది. ఇది అబద్ధపు సుఖం కాదు. మనిషి మీద పని పెత్తనం చేసే సమాజంలో, పెత్తనం లేని ఒక గంట కోసం మనిషి తహతహలాడటం సహజం. ఈ తహతహను 'పెటీ బూర్జువా కాలక్షేపం' అని కొట్టివేసే మిత్రులతో నేను ఏకీభవించలేను. కార్మికోద్యమం ఎనిమిది గంటల పనిదినం కోసం పోరాడింది ఎందుకు? మిగిలిన గంటల్లో మనిషి మనిషిగా బతకాలనే గదా? ఆ గంటల్లో ఒకదానిని నలుగురి మధ్య గడిపినవాణ్ణి తప్పుపట్టడం మన సిద్ధాంతానికే విరుద్ధం.

దీనికి ఎదుటి కొసన మరో వాదమున్నది. కాఫీ హోటలే ప్రజాస్వామ్యానికి పుట్టిల్లు అంటారు కొందరు. ఈ వాదానికి చరిత్రలో బలమున్నది. ఒట్టోమన్ సుల్తాను నాల్గవ మురాద్ 1633లో కాఫీ దుకాణాలను మూయించాడు. ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ 1675 డిసెంబరులో కాఫీ హోటళ్లను నిషేధిస్తూ ప్రకటన చేసి, ప్రజలు మండిపడటంతో కొద్ది రోజులకే దానిని వెనక్కు తీసుకున్నాడు. 1789 జులై 12న పారిస్‌లో కామిల్ దెమూలా ఒక కాఫీ హోటలు ముందు బల్ల మీదికెక్కి జనాన్ని ఆయుధాలు పట్టమన్నాడు. రెండు రోజులకు బాస్తీ కోట కూలింది. మన దేశంలోనూ అంతే. అత్యవసర పరిస్థితి కాలంలో ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో రాజకీయ చర్చలకు పేరుపడిన కాఫీ హౌసు నేలమట్టమయింది. నలుగురు కూర్చుని మాట్లాడుకునే బల్లను చూసి పాలకులు భయపడ్డారంటే, ఆ బల్లకు ఏదో శక్తి ఉన్నదనేగా అర్థం?

ఉన్నది. కాని ఆ బల్ల మీది గిన్నెలోకి కూడా తొంగిచూడాలి. దెమూలా స్వాతంత్ర్యం కోసం గొంతెత్తిన ఆ రోజుల్లో ప్రపంచపు కాఫీలో దాదాపు సగం ఫ్రెంచి వలస అయిన సాన్ దొమింగ్ దీవి నుంచి వచ్చేది. దానిని పండించినవారు ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు. కాఫీ తాగుతూ మానవహక్కులు చర్చించినవారు ఉన్నారు; ఆ హక్కులు కాఫీ పండించినవారికీ వర్తిస్తాయా అనే ప్రశ్న ఆ బల్లల దగ్గర చాలామందికి ఇబ్బందిగా తోచింది. చివరకు 1791లో ఆ బానిసలే తిరగబడి, 1804లో హైతీ అనే స్వతంత్ర దేశాన్ని స్థాపించి జవాబు చెప్పారు. లండనులో లాయిడ్ అనే ఆయన నడిపిన కాఫీ హోటలులోనే ఓడల బీమా వ్యాపారం పెరిగింది. బానిసలను మోసిన ఓడలకు కూడా బీమా చేసిన వ్యాపారమది. కనుక కాఫీ హోటలు స్వేచ్ఛకు పుట్టిల్లు అన్నవారు, అదే ఇంట్లో ఇంకేమేమి పుట్టాయో కూడా చెప్పాలి. బల్ల చుట్టూ సమానత్వమున్నంత మాత్రాన బల్ల కాళ్లు ఎవరి భుజాల మీద ఆనినవో అడగకుండా ఉండలేము.

ఆ భుజాలు మనకు దూరంగానూ లేవు. ఇవాళ మన కాఫీలో కొంత అరకు, పాడేరు కొండల నుంచి వస్తున్నది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల పక్కన దానిని పండించేవారు గిరిజనులు. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో ఆ పేరుతో దుకాణం కూడా తెరిచారు. సంతోషమే. అయితే అరబికా గింజకు అంతర్జాతీయ ధర న్యూయార్కు మార్కెట్లో నిర్ణయమవుతుంది. ఆ ధర పడిన ఏడాది బాధ పారిస్ దుకాణానికీ, నా బల్లకూ అంతగా తెలియదు. కొండ మీది ఇంటికి తెలుస్తుంది.

ఇక మన రచ్చబండ సంగతికి వద్దాం. కాఫీ హోటలు కులాన్ని కాదని డబ్బునే అడిగింది గనుక, అది రచ్చబండ కన్న ఒక మెట్టు ముందుకు వేసినట్టేనని చెప్పుకోవాలి. కాని ఆ మెట్టు దానంతటదే పడలేదు. మద్రాసు రాష్ట్రంలో చాలా హోటళ్లు బోర్డు మీద 'బ్రాహ్మణ' అని రాసుకుని, బ్రాహ్మణులకు వేరే గదులుంచి వ్యాపారం చేశాయి. 1957లో పెరియార్ నాయకత్వాన మద్రాసులో ఆ బోర్డుల మీద ఆందోళన నడపవలసి వచ్చింది. దళితుల సంగతి ఇంతకన్న ఘోరం. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్లను, దుకాణాలను ప్రత్యేకంగా పేర్కొన్నది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం హోటలులోని పాత్రలు వాడుకోనివ్వకపోవడాన్ని కూడా నేరమన్నది. చట్టంలో పాత్రల ప్రస్తావన రావలసి వచ్చిందంటేనే ఆ పాత్రల చరిత్ర ఏమిటో తెలుస్తున్నది గదా. ఆ తరువాత దశాబ్దాలపాటు మన పల్లెల్లో టీ కొట్ల చూరుకు దళితుల కోసం వేరే గ్లాసు వేలాడింది. తాగి తామే కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. కృష్ణ కాలువ నీరు పారే చుండూరులో 1991 ఆగస్టు 6న దళితులను నరికి చంపారు. ఆ వైరం ముదరడానికి కారణమైన గొడవ సినిమా హాలులో కాలు తగిలిన దగ్గర మొదలయింది. టిక్కెట్టు డబ్బు ఒక్కటే అయినా కుర్చీలు ఒక్కటి కాలేదన్న మాట. డబ్బు ఇచ్చే సమానత్వం నిజమైనదే, కాని అది పైపైది. దాని అడుగున పాత నేల అట్లాగే ఉన్నది.

అందుకే వాడుక మనిషిని నేను మొదట అడిగే ప్రశ్న ఇది: నీ వాడుక ఎవరిని కాదని ఏర్పడింది? ప్రతి అలవాటులోనూ కొద్దిపాటి సొంతాస్తి దాగి ఉంటుంది. 'మా హోటలు', 'మా బల్ల', 'నా కుర్చీ' - ఈ షష్ఠీ విభక్తులను గమనించండి. కొత్తగా వచ్చిన మనిషి ఎవరైనా మా బల్ల దగ్గర కూర్చుంటే, మాలో ఒక పెద్దాయన ఆయన వంక చూసే చూపులో భూస్వామి తన గట్టు మీద పరాయి పశువును చూసే చూపు కనిపిస్తుంది. ఆ పెద్దాయన భూసంస్కరణలను గట్టిగా సమర్థించిన మనిషి.

రెండవ ప్రశ్న బల్లకు అవతలి వైపు మనిషిని గురించి. కృష్ణా జిల్లావాళ్లం మనం వరసలు కలపడంలో దిట్టలం. గాంధీనగరంలో బాబాయి హోటలు పేరు తెలియని బెజవాడ మనిషి లేడు. అభిమానంతో పిలిచే చుట్టరికపు మాట బోర్డెక్కడం ఎంత ముచ్చటైన సంగతి! కాని ఈ వరసల్లో ఒక క్రమమున్నది. ఏ హోటలులోనైనా గల్లాపెట్టె దగ్గరి మనిషి 'బాబాయి' అవుతాడు, కాఫీ తెచ్చే మనిషి 'ఏమోయ్' అవుతాడు, బల్ల తుడిచే మనిషికి తెల్లజుట్టు వచ్చినా 'ఒరేయ్' తప్పదు. చుట్టరికం డబ్బాతో మొదలై తడిగుడ్డ దగ్గరకు వచ్చేసరికి ఇంకిపోతున్నది.

మా హోటలులో చాలా ఏళ్లు కాఫీ అందించిన మనిషిది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి వైపు పల్లె. అతని కూతురి కాలేజీ దరఖాస్తు నేను నింపాను గనుక ఊరూ, ఫోను నంబరూ నా దగ్గర ఉన్నవి. 2020 మార్చిలో దేశమంతా మూతపడినప్పుడు హోటలూ మూతపడింది. అతను నానా తంటాలు పడి ఊరు చేరాడు. కొన్ని నెలలకు హోటలు మళ్లీ తెరిచారు. కొత్త కుర్రవాడు కాఫీ తెచ్చాడు. నేను పాతతనికి ఫోను చేస్తే, 'మాస్టారూ, హోటలు తెరిసినారా అండి? నా రెండు నెలల జీతం ఉండిపోనాది. ఒక్క మాట అడగండి బాబూ' అన్నాడు.

ఈ మాట నేను బల్ల దగ్గర పెట్టాను. అప్పుడు మా బల్ల రెండుగా చీలింది. 'మనం కాఫీకి వచ్చాం గాని కార్మిక సంఘం పెట్టడానికి రాలేదు గదండీ' అన్నారు కొందరు. రోజూ వచ్చే చోట ముఖాలు మాడ్చుకోవడమెందుకు అనేది వారి బాధ. వారు చెడ్డవారేమీ కారు. పెత్తనం లేని ఆ ఒక్క గంటను కాపాడుకోవాలనుకున్నారు. చివరకు నలుగురం యజమాని దగ్గరకు పోయాం. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. 'మాస్టారూ, మీరు మా ఇంటి మనిషి లాంటివారు. అందుకే చెబుతున్నాను, ఇది మా ఇంటి సంగతండీ, మీకెందుకు?' అన్నాడు. ఒకే వాక్యంలో నన్ను ఇంట్లోకి పిలిచి బయటకు పంపాడాయన. ఆయన కష్టమూ కల్పితం కాదు. మూసిన నెలలకు కూడా భవనం సొంతదారు అద్దె వదలలేదు. కాని చిన్న యజమాని మీద పెద్ద యజమాని పడవేసిన బరువు దిగి దిగి ఎక్కడ ఆగింది? అందరికన్న కింద, టెక్కలి దగ్గర ఒక ఇంట్లో ఆగింది. మేము రోజూ అదే మాట అడుగుతూ పోయాం. పది రోజులకు సగం, నెలకు మిగతా సగం ముట్టింది.

దీనిని ఘనకార్యంగా చెప్పడం లేదు. రెండు నెలల జీతం ఇప్పించినంతలో వ్యవస్థ మారదు. కాని ఆ పది రోజుల్లో ఒక సంగతి నాకు స్పష్టమయింది. కేవలం వినియోగదారుకు హోటలు మీద కోపం వస్తే ఇంకో హోటలుకు పోతాడు. అతని చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే. వాడుక మనిషి అట్లా పోలేడు. పోలేని ఆ బలహీనతే అతని బలం. రేపు కూడా వస్తాడు, రేపు కూడా అడుగుతాడు అనే భయం యజమానికి ఉంటుంది. కనుక అభిమానం మనిషిని మెత్తబరచి నోరు మూయించవచ్చు, లేదా నిలబెట్టి నోరు తెరిపించవచ్చు. అలవాటు దానంతటది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అది ఎవరి పక్షాన ఖర్చవుతున్నదీ అనేదే నీతి ప్రశ్న.

ఇక్కడొక ఆక్షేపణ రావచ్చు. కాఫీ సరే, సాయంకాలం అదే వేళకు వైన్ షాపు ముందు చేరే వాడుక మనుషుల మాటేమిటి? మధ్యతరగతి నీతికి ఇది చాలా తేలికైన ప్రశ్న: కాఫీ తాగేవాడు పెద్దమనిషి, కల్లు తాగేవాడు తాగుబోతు. మన ఉద్యమ చరిత్ర ఇంత తేలికైన జవాబుకు ఒప్పుకోదు. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చింది. తాటిచెట్టే ఆధారమైన గీత కార్మికులు జీవనం పోగొట్టుకుని జైళ్లపాలయ్యారు. 1954 నవంబరు 6న ఆంధ్ర శాసనసభలో ప్రకాశంగారి ప్రభుత్వం ఈ మద్యనిషేధం సమస్య మీదనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. గౌతు లచ్చన్నగారి పక్షమూ, కమ్యూనిస్టులూ ఆనాడు నిషేధాన్ని వ్యతిరేకించారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన ఉద్యమం రాష్ట్రమంతా అంటుకుని సారా దుకాణాలను మూయించినప్పుడు, వామపక్షాలు ఆ స్త్రీల పక్షాన నిలబడ్డాయి. ఒకనాడు నిషేధానికి ఎదురు, మరొకనాడు దుకాణానికి ఎదురు. ఇది పొంతన లేనితనమా?

నా ఉద్దేశంలో కాదు. రెండు సందర్భాల్లోనూ అడిగిన ప్రశ్న ఒక్కటే: భారం ఎవరి మీద పడుతున్నది? 1954లో అది గీత కార్మికుడి మీద పడింది. 1992 నాటికి తాటిచెట్టు పక్కకు పోయి, ప్రభుత్వ ఖజానా కోసం ప్లాస్టిక్ పొట్లాల్లో సారా ఊరూరికీ చేరింది. భారం కూలి మనిషి భార్య మీద పడింది. ప్రభుత్వమే అందరికన్న పెద్ద వాడుక మనిషి అయింది. దాని వాడుక మానడం ఎంత కష్టమో తరువాతి సంవత్సరాలు చూపాయి. 1993 అక్టోబరు నుంచి సారాను, 1995 జనవరి నుంచి మొత్తం మద్యాన్ని నిషేధించారు, 1997లో సడలించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో దుకాణాలను ప్రభుత్వమే నడపసాగింది; 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటువారికి అప్పగించారు. ఈ మార్పులన్నిటిలో దుకాణం ముందు నిలబడే మనిషి మాత్రం మారలేదు. అతనూ నాలాగే పెత్తనం లేని ఒక గంటను వెతుక్కుంటున్నాడు. నాకు కుర్చీ, పత్రిక, సంభాషణ దొరుకుతున్నవి. అతనికి సందులో గోడవార నిలబడి మింగే మత్తు దొరుకుతున్నది. గంట కావాలనే కోరిక ఒక్కటే. సమాజం ఇద్దరికీ వేరు వేరు గంటలు అమ్ముతున్నది. తాగుడు వల్ల కలిగే నాశనాన్ని నేను తక్కువచేయడం లేదు. ఆ మనిషిని అసహ్యించుకోవడం వల్ల అది తగ్గదని మాత్రమే అంటున్నాను.

దూబగుంటలో మరో పాఠమున్నది. ఆ స్త్రీలకు కాఫీ హోటలు లేదు, రచ్చబండ లేదు. వారు సాయంకాలం ఒకచోట కూర్చునే వీలు మొదటిసారి కలిగింది అక్షరాస్యతా ఉద్యమం వారి రాత్రి తరగతుల్లో. ఒక వాచకంలోని సీతమ్మ కథలో ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మూయించడం చదివారు. మన ఊళ్లో మనమెందుకు చేయకూడదు అనుకున్నారు. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నడిచారు. అంటే, ఆడవాళ్లకు దొరికిన ఒక్క గది, మగవాళ్లను తినివేస్తున్న మరో గది తలుపు మూయించింది! గది ఎంత బలమైనదో, అది ఎవరికి దొరుకుతున్నదనే ప్రశ్న ఎంత ముఖ్యమో ఇంతకన్న నిదర్శనం నాకు కనబడదు.

ఈ కొలతతో చూస్తే మా కాఫీ హోటలు బల్ల తలవంచుకోవాలి. ఇరవై ఏళ్లలో మా బల్ల దగ్గర స్త్రీ ఎవరూ స్థిరంగా కూర్చోలేదు. 'కుటుంబములకు ప్రత్యేక గది' అన్న బోర్డు స్త్రీని గౌరవించినట్టే కనిపిస్తుంది. నిజానికి మగతోడు లేని స్త్రీకి అక్కడ చోటు లేదని చెబుతుంది. ఇక బందరు రోడ్డు మీద, బెంజి సర్కిలు దగ్గర ఇటీవల లేచిన చల్లగదుల కేఫులను మేము వెక్కిరిస్తూ ఉంటాం. ఒక కప్పు ఖరీదు మా నాలుగు రోజుల కాఫీ. కాని మా కాలేజీ ఆడపిల్లలు పుస్తకాలు ముందు పెట్టుకుని, ఎవరి చూపుకూ జంకకుండా రెండు గంటలు కూర్చోగలిగినది అక్కడే. పెట్టుబడి పాత గొలుసొకటి తెంచి, ఆ పక్కనే కొత్త గల్లాపెట్టె పెడుతుందని మనం పాఠాల్లో చెబుతాం. అదే సంగతి మన వీధిలో జరిగినప్పుడు మాత్రం గొలుసు తెగినందుకు సంతోషించకుండా, గల్లాపెట్టె మీదనే విరుచుకుపడటం సరి కాదు. రెండూ చూడాలి.

అయితే దారి ఏమిటి? పూర్తిగా కొత్తగా కనిపెట్టవలసిన అవసరం లేదు. 1957లో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేసి పనివారిని తొలగించినప్పుడు, ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో ఆ పనివారే సహకార సంఘాలు పెట్టుకున్నారు. బెంగళూరు, ఢిల్లీ, మరుసటి ఏడాది త్రిచూరు - ఇట్లా వెలిసిన ఇండియన్ కాఫీ హౌసుల్లో తలపాగా కట్టుకుని కాఫీ అందించే మనిషే యజమానుల్లో ఒకడు. ఒకరు కూర్చుని ఒకరు నిలబడినా, నిలబడినవాడు ఎవరి దయ మీదనో నిలబడలేదు. మన డెల్టాకు తన సొంత సంప్రదాయమూ ఉన్నది. బెజవాడ రామమోహన గ్రంథాలయం వంటి పఠన మందిరాల్లో కూర్చోవడానికి ఏమీ కొననక్కరలేదు. 1930లలో గ్రంథాలయోద్యమం వారు కృష్ణ కాలువల మీద పడవల్లో పుస్తకాలు పంపారు. కులమూ, డబ్బూ రెండూ అడగని చోటు ఒకటి ఉండాలని మన పెద్దలు ఊహించారు, కొంతవరకు కట్టారు కూడా. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను ఇప్పటికీ మనం కడుతూనే ఉన్నాం. కట్టిన పన్నుకు సాయంకాలం పూట దీపాలు వెలిగే గది అడగడం మన హక్కు. ఈ అడగడాన్ని విద్యార్థి సంఘాలూ, ఉపాధ్యాయ సంఘాలూ చిన్న పనిగా చూడరాదు.

అంతవరకు కాఫీ హోటలు మానమని నేను ఎవరికీ చెప్పను, నేనూ మానను. అభిమానించే చోటు ఒకటి లేని మనిషి సమాజాన్ని అభిమానించడం కష్టం. కాని ఆ అభిమానానికి మూడు పరీక్షలు పెట్టుకోవచ్చు. నీకు కాఫీ తెచ్చే మనిషి పేరూ, ఊరూ, పనిగంటలూ నీకు తెలుసా? నీ కుర్చీలో కొత్త మనిషి, ముఖ్యంగా ఇన్నాళ్లూ ఆ గుమ్మం తొక్కని మనిషి కూర్చుంటే నీవు పక్కకు జరుగుతావా? ఆ బల్ల దగ్గర ముఖాలు మాడే సమస్య వచ్చిననాడు నీ గంటను కాపాడుకుంటావా, మనిషిని కాపాడుకుంటావా? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగిన వాడుక మనిషి వినియోగదారు స్థితి దాటి పౌరుడవుతాడు. చెప్పలేకపోతే ఎంత గొప్ప చర్చ జరిగినా, ఆ బల్ల పక్కన నిలబడిన మనిషికి వినపడేది కప్పుల చప్పుడే.